పరుగు ఎందుకు తగ్గిందో చెప్పే చదువు

ప్రశ్న: నేను నల్గొండ జిల్లా అమ్మాయిని. హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. తొమ్మిదో తరగతి నుంచి 800 మీటర్లు పరుగెత్తుతున్నాను. నిరుడు 2 నిమిషాల 24 సెకన్లలో పూర్తి చేసిన పరుగుకు ఈ ఏడాది 2 నిమిషాల 31 సెకన్లు పడుతోంది. మనసు పెట్టడం లేదని కోచ్ అంటారు. తిండి చాలడం లేదని అమ్మ అంటుంది. ఫిజియోథెరపీ చేసిన మా బాబాయి అడుగు పడే తీరులోనే తేడా ఉందంటాడు. ఇవన్నీ కలిపి చెప్పే చదువేదైనా ఉందా అని వెతికితే స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ అనే డిగ్రీ కనిపించింది. నాన్న మాత్రం ‘అందులో అన్నీ తలా కాస్త చెప్పి వదిలేస్తారు, ఏదీ చేతికి రాదు, బీపీటీ చేసి ఫిజియోథెరపిస్టువి అవ్వు, లేదంటే బీపీఎడ్ చేసి వ్యాయామ టీచరువి అవ్వు’ అంటున్నారు. లెక్కలన్నా ఫిజిక్సన్నా నాకు భయం. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు అడిగింది చదువు గురించే అయినా ముందు ఆ ఏడు సెకన్ల సంగతి చూద్దాం. మీరు చేరాలనుకుంటున్న చదువు ఎలాంటిదో ఏ కాలేజీ ప్రాస్పెక్టస్ కన్నా ఆ ఏడు సెకన్లే బాగా చెప్పగలవు.

మీ అమ్మగారి మాటతో మొదలుపెడదాం. 800 మీటర్ల పరుగులో సగానికి మించిన శక్తి ఆక్సిజన్‌ను వాడుకునే మార్గంలోనే పుడుతుంది. ఆ ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల నుంచి కాలి కండరాల దాకా మోసుకెళ్ళేది రక్తంలోని హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ పట్టుకోగలిగిన ఆక్సిజన్ దాదాపు 1.34 మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న అమ్మాయి అంత రక్తంలో సుమారు 18.8 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోయగలదు. అదే 11 గ్రాములకు పడిపోతే 14.7 మిల్లీలీటర్లే. అంటే అయిదో వంతు పోయిందన్న మాట. గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకుని కొంత సర్దుతుంది గానీ, పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు దానికి కూడా ఒక హద్దు ఉంటుంది. 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే స్త్రీలలో రక్తహీనతగా లెక్కిస్తారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది ఆ గీతకు కిందే ఉన్నారు. కాబట్టి చదువు మాట ఎలా ఉన్నా, ఈ వారంలోనే దగ్గరలోని ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా శరీరంలో దాచిపెట్టిన ఇనుము తరిగిపోయి ఉండవచ్చు కాబట్టి ఆ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయమని అడగండి. డాక్టరు చెప్పకుండా ఐరన్ మాత్రలు మాత్రం మొదలుపెట్టకండి. ఇనుము ఎక్కువైనా హాని చేస్తుంది.

ఇక్కడ అమ్మగారి మాటే నెగ్గిందని అనుకోవద్దు. ఇనుము తగ్గిందే అనుకుందాం, ఎందుకు తగ్గింది? నెలసరిలో పోయేది ఒకటి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే, ఆకుకూరలోనూ పప్పులోనూ ఉన్న ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. అదే అన్నంలోకి నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. దూరం పరుగెత్తేవాళ్ళలో పాదం నేలను తాకిన ప్రతిసారీ అరికాలిలోని సన్నని రక్తనాళాల్లో ఎర్రరక్తకణాలు కొద్దిగా చితికిపోతాయని కూడా శరీరధర్మశాస్త్రంలో చెబుతారు. దాని వాటా చిన్నదే, కానీ చూశారా, మీ బాబాయి చెప్పిన అడుగు వచ్చి అమ్మ చెప్పిన తిండితో కలిసింది.

ఇక బాబాయి మాట. అలసిన కాలు తాజాగా ఉన్న కాలు పడినట్టు పడదు. పిక్కలు, తుంటి కండరాలు డస్సిపోయాక అడుగు పొట్టిదవుతుంది, పాదం నేల మీద ఎక్కువసేపు నిలుస్తుంది, నడుము కుంగుతుంది. అంటే అడుగులో తేడా పరుగు తగ్గడానికి కారణం కావచ్చు, తగ్గడం వల్ల వచ్చిన ఫలితమూ కావచ్చు. తేల్చుకునే దారి ఖర్చు లేనిది. ఫోన్‌ను ట్రాక్ పక్కన స్టూలు మీద కదలకుండా నిలబెట్టి, స్లోమోషన్‌లో మొదటి 100 మీటర్లలో ఒకసారి, చివరి 100 మీటర్లలో ఒకసారి అదే ఎత్తు నుంచి, అదే దూరం నుంచి తీయించండి. మొదటి వంద మీటర్లలోనే అడుగు వంకరగా పడుతుంటే బాబాయి అన్నది నిజం. చివర్లో మాత్రమే చెదిరితే చూడవలసింది కాలిని కాదు, ఆ అలసట ఎందుకు వస్తోందన్నది.

కోచ్ గారి మాటను కూడా కొట్టిపారేయకండి. ఆయన చూస్తున్నది నిజమే, దానికి పెట్టిన పేరే తొందరపాటుది. ఒంట్లో ఇనుము తక్కువైనా, రాత్రి నిద్ర అయిదు గంటలకు మించకపోయినా, అదే వేగం నిరుటికన్నా ఎక్కువ కష్టంగా తోస్తుంది. ఆ కష్టాన్ని తట్టుకోలేక రెండో ల్యాపులో మీరు పట్టు సడలిస్తే, గట్టు మీద నిలబడి చూసేవారికి అది మనసు పెట్టకపోవడంలాగే కనిపిస్తుంది. తెల్లవారుజామున మొదలై రాత్రి పదింటి దాకా సాగే స్టడీ అవర్లు, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) బెంగ ఇవన్నీ ఆ ఏడు సెకన్లలో వాటా అడుగుతాయి. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరో చెబితే విని మీరు రాత్రి భోజనం మానేస్తున్నారేమో కూడా ఆలోచించండి. తినేది ఖర్చుకు చాలకపోతే నెలసరి తప్పడం, ఎముకలు బలహీనపడటం, పరుగు మందగించడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ స్థితికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి కొరత) అని పేరు పెట్టారు. అది స్త్రీలకే కాదు, మగవాళ్ళకూ వస్తుందని కూడా చెప్పారు. నెలసరి విషయం కోచ్‌తో చెప్పడానికి మొహమాటపడే ఆడపిల్లలు మన గ్రౌండ్లలో ఎంతమందో నాకు తెలుసు. కోచ్‌తో కాకపోతే డాక్టరుతోనైనా చెప్పాలి.

ఇప్పుడు మీ నాన్నగారి అనుమానానికి వద్దాం. అందులో సగం నిజం ఉంది, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోను. ఈ డిగ్రీలో శరీరధర్మశాస్త్రం, బయోమెకానిక్స్ (ఒంటి కదలికలను బలాల లెక్కలతో చూసే శాస్త్రం), మనస్తత్వశాస్త్రం, పోషకాహారం, గణాంకశాస్త్రం, శిక్షణ పద్ధతులు అన్నీ ఉంటాయి. వీటిని వేరువేరు టీచర్లు వేరువేరు గదుల్లో చెప్పి, వేరువేరు పరీక్షలు పెట్టి పంపించేస్తే, మీరు నాన్నగారు అన్నట్టే తయారవుతారు. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని అన్నదమ్ముల్లాంటి చదువు అది. పలు శాస్త్రాలను పక్కపక్కన పెట్టడం ఒకటి, ఒక ప్రశ్న చుట్టూ వాటిని కూర్చోబెట్టడం ఇంకొకటి. మీ ఇంట్లో ఆ ముగ్గురూ చేసింది మొదటిది. పై నాలుగు పేరాల్లో మనం చేయబోయింది రెండోది. బ్రిటన్‌లో 1984లో ఏర్పడిన క్రీడా, వ్యాయామ శాస్త్రాల సంఘం డిగ్రీ కోర్సులకు గుర్తింపు ఇచ్చేటప్పుడు శరీరధర్మశాస్త్రం, బయోమెకానిక్స్, మనస్తత్వశాస్త్రం మూడూ ఉన్నాయా అని చూసి ఊరుకోదు, వాటిని కలిపి ఒక సమస్యను విడదీయడం నేర్పుతున్నారా అని కూడా చూస్తుంది.

కాబట్టి ఏ కాలేజీకి వెళ్ళినా భవనాలు, జిమ్ము చూసి మురిసిపోకుండా రెండు సంగతులు అడగండి. ఆఖరి సంవత్సరంలో విద్యార్థి సొంతంగా చేసే ప్రాజెక్టు ఉందా, నిరుటి పిల్లలు ఏ ప్రశ్నల మీద చేశారు అన్నది మొదటిది. ల్యాబులోని పరికరాలను విద్యార్థులు తమ చేతులతో వాడతారా లేక అద్దాల వెనక నుంచి చూస్తారా అన్నది రెండోది. ట్రెడ్‌మిల్ మీద ముఖానికి మాస్కు పెట్టుకుని పరుగెత్తే మనిషి వేలి కొసను సూదితో పొడిచి, మూడు నిమిషాలకొకసారి ఒక్కో చుక్క రక్తం తీసి, గట్టి శ్రమలో కండరాల్లో పుట్టే లాక్టేట్‌ను కొలవడం పుస్తకంలో రెండు లైన్లు. చేసేటప్పుడు వేలి మీది చెమట ఆ చుక్కలో కలిసి అంకెను పాడుచేస్తుందని, ముందు వేలు తుడవాలని, మొదటి చుక్కను వదిలేయాలని చేతికే తెలియాలి. నేను చదువుకునే రోజుల్లో అలా పాడైన అంకెలతో ఒక వారమంతా గ్రాఫులు గీసి, చివరికి పరీక్షకు వచ్చిన కుర్రవాడికి మళ్ళీ పరుగు పెట్టించవలసి వచ్చింది. (మర్నాడు కాళ్ళు పట్టేసినందుకు ఆ కుర్రవాడు లాక్టిక్ ఆమ్లాన్ని తిట్టాడు. అదీ తప్పే; పరుగు ఆపిన గంటా గంటన్నరలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పి అలవాటు లేని శ్రమకు కండరపు పోగుల్లో కలిగిన సూక్ష్మమైన దెబ్బ వల్ల వస్తుంది.)

ఇంకొక మాట. డిగ్రీలో అన్నీ చదవండి, పీజీకి వచ్చేసరికి ఒకదాన్ని పట్టుకోండి. మూడు నాలుగేళ్ళ డిగ్రీ మీకు మిగతా శాస్త్రాలవారు మాట్లాడేది అర్థమయ్యేలా చేస్తుంది. ఉద్యోగం ఇచ్చేవారు మాత్రం ‘మీకు ఏది బాగా వచ్చు’ అనే అడుగుతారు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా తన శిక్షణ కేంద్రాల కోసం మనుషులను తీసుకునేటప్పుడు ఫిజియాలజీకి ఒకరిని, బయోమెకానిక్స్‌కు ఒకరిని, సైకాలజీకి ఒకరిని, పోషకాహారానికి ఒకరిని, కండబలం పెంచే శిక్షణకు ఒకరిని విడివిడిగా తీసుకుంటుంది, అవీ చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. నాన్నగారికి ఈ సంగతి దాచకుండా చెప్పండి.

లెక్కలు, ఫిజిక్సు భయం గురించి. నేనూ డిగ్రీలో జీవశాస్త్రం చదివి వచ్చినదాన్నే, బయోమెకానిక్స్ మొదటి క్లాసులో నాకూ చెమటలు పట్టాయి. చంకన నీళ్ళ బిందె పెట్టుకున్న మనిషి ఒళ్ళు రెండోవైపుకు ఎందుకు వాలుతుందో మీకు తెలుసు కదా. బిందె బరువు ఒక పక్కకు లాగుతుంటే, పడిపోకుండా ఉండటానికి ఒంటి బరువును ఇంకో పక్కకు జరుపుతాం. బిందెను ఒంటికి దూరంగా చేయి చాచి పట్టుకుంటే అదే బరువు రెట్టింపు అనిపిస్తుంది. బరువు ఎంత, అది కీలుకు ఎంత దూరాన ఉంది అన్న రెండు అంకెల గుణకారమే బయోమెకానిక్స్‌లో మొదటి ఏడాది చేసే లెక్కల్లో పెద్ద భాగం. ఇంటర్ ఫిజిక్సును తప్పించుకుని తిరగకుండా చలన సూత్రాలు, బలాలు ఉన్న పాఠాలను మాత్రం గట్టిగా చదవండి, చాలు.

ఆ అంకెలు మైదానంలో ఎంత పని చేస్తాయో మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీని అడిగితే చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను ఆమె 13.09 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అది 2002 నాటిది. అయినా ఆ పరుగును రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు, నియమం ఒప్పుకునేది 2.0 వరకే. ముగింపు గీతకు 50 మీటర్ల ముందు, నేలకు 1.22 మీటర్ల ఎత్తున పెట్టిన ఒక చిన్న పరికరం, తుపాకి పేలిన క్షణం నుంచి 13 సెకన్ల పాటు గాలిని కొలిచి చెప్పిన అంకె అది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో ఆమె రికార్డును అధికారికంగా తన పేర రాసుకుంది. ఆ అక్టోబరులో బెంగళూరులో 12.82 పరుగెత్తి, గాలి నియమానికి లోబడి 13 సెకన్ల లోపు వచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. మీ 800 మీటర్లకు గాలి నియమం లేదు, గుండ్రంగా తిరిగేటప్పుడు ఒకవైపు తోసిన గాలి రెండోవైపు ఎదురు తగులుతుంది కాబట్టి. ఎందుకు లేదో అర్థమయితే మీకు ఫిజిక్సు వచ్చినట్టే.

గణాంకశాస్త్రాన్ని మాత్రం ప్రేమించక తప్పదు, ఈ చదువులో ‘వ్యాయామం’ అన్న సగభాగం దాని మీదే నిలబడి ఉంది. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్‌డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని చూపించారు. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచానికి చూపిన తొలి గట్టి పరిశోధనల్లో అదొకటి. నాకు నచ్చింది ఆ తర్వాత మూడేళ్ళకు జరిగింది. మోరిస్, ఆయన సహచరులే సిబ్బందికి కుట్టించి ఇచ్చిన యూనిఫాం ప్యాంట్ల కొలతలు తిరగేసి, ఒకే వయసు వారిని పోల్చితే డ్రైవర్ల నడుము కొలతే పెద్దదని, ఉద్యోగంలో చేరే నాటికే వాళ్ళు కాస్త లావుగా ఉన్నారని బయటపెట్టారు. మెట్లే గుండెను కాపాడాయా, లేక ముందే సన్నగా ఉన్నవాళ్ళు కండక్టర్లుగా చేరారా అన్న ప్రశ్నను వాళ్ళ పని మీద వాళ్ళే వేసుకున్నారు. మీ కోచ్, అమ్మ, బాబాయి ముగ్గురూ వేసుకోని ప్రశ్న అది. ఆటలు మానేశాక కూడా ఈ చదువు పనికొస్తుంది. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి వ్యాయామం ఎంత, ఎలా అన్నది చెప్పే పని మన ఊళ్ళలో ఇంకా మొదలే కాలేదనవచ్చు.

బీపీటీ, బీపీఎడ్‌ల గురించి సూటిగా చెబుతాను. గాయపడిన మోకాలిని చేతులతో పట్టి బాగుచేయాలని మీకుంటే బీపీటీయే చేయండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీని గుర్తించింది, సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు; క్రీడాశాస్త్ర డిగ్రీ ఆ చికిత్స అధికారాన్ని ఇవ్వదు. బడిలో పిల్లలతో గడపాలని ఉంటే ఏదైనా డిగ్రీ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ళ బీపీఎడ్ చేయవచ్చు. అందువల్ల క్రీడాశాస్త్రంలో డిగ్రీ చేసినంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు. మీరు చేరబోయే కాలేజీ డిగ్రీ ఆ అర్హతకు సరిపోతుందో లేదో పీఈసెట్ నోటిఫికేషన్‌లో ముందే చూసుకోండి. మీ ఉత్తరం చదివితే మీకు చికిత్స చేయాలన్న తపన కన్నా ‘ఎందుకు’ అని అడిగే గుణం ఎక్కువని నాకనిపించింది. అందుకే నా ఓటు క్రీడాశాస్త్రానికి.

ఎక్కడ అంటే, మనకు దగ్గరలో చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థలో ఆసుపత్రి పక్కనే క్రీడా, వ్యాయామ శాస్త్రాల డిగ్రీ ఉంది. రోగులనూ ఆటగాళ్ళనూ ఒకే ఆవరణలో చూడవచ్చు, కానీ ప్రైవేటు ఫీజు ఇంట్లో లెక్క వేసుకోవాలి. ప్రభుత్వ రంగంలో తమిళనాడు శారీరక విద్య, క్రీడల విశ్వవిద్యాలయం, 1957లో మొదలైన గ్వాలియర్ లక్ష్మీబాయి సంస్థ, 2018 చట్టంతో మణిపుర్‌లో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటిలో డిగ్రీలు శారీరక విద్య, కోచింగ్ వైపు మొగ్గుతాయి. శాస్త్రాల లోతు పీజీలో దొరుకుతుంది. పోషకాహారం మీద మనసు పోతే దూరం వెళ్ళనక్కర లేదు, హైదరాబాద్ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది, అక్కడ క్రీడా పోషణలో ఎమ్మెస్సీ కూడా నడుపుతున్నారు. డిగ్రీకే అప్పు చేసి ఇంగ్లండ్ వెళ్ళమని నేను చెప్పను. ఇక్కడ డిగ్రీ చేసి, ఏ శాస్త్రం పట్టుబడిందో తేలాక పీజీకి ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం లాంటి చోటికి వెళితే డబ్బుకు తగిన ఫలం ఉంటుంది.

ఈలోగా ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. రోజూ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఏం తిన్నారు, టీ ఎప్పుడు తాగారు, నెలసరి ఏ రోజు, ప్రాక్టీసు తర్వాత అలసట పదికి ఎంత అన్నది ఒక్కో లైను రాయండి. పరుగు టైమింగు ఒక్కటే రాస్తే అది ఫలితం మాత్రమే అవుతుంది. దాన్ని మొదటి ల్యాపు, రెండో ల్యాపుగా విడదీయండి. నిరుడు 70, 74 సెకన్లు పడి ఇప్పుడు 71, 80 పడుతుంటే మొదట రక్తం వైపు, నిద్ర వైపు చూడాలి. 73, 78 పడుతుంటే, అంటే రెండు ల్యాపులూ దాదాపు సమానంగా జారితే, బాబాయి మాటకూ శిక్షణ తీరుకూ బలం పెరుగుతుంది. ఇవి నిరూపణలు కావు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తులు. ఆ రోజు ఎండ ఎంత, గాలిలో తేమ ఎంత అన్నది కూడా ఫోనులో చూసి రాసుకోండి. ఒంటిని చల్లబరిచేది కారిన చెమట కాదు, ఆరిన చెమట. నల్గొండ పొడి ఎండలో ఆరిపోయే చెమట విశాఖ ఉక్కపోతలో ఆరకుండా కారిపోతుంది, కాబట్టి ఈ రెండు ఊళ్ళ టైమింగులను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చాక డాక్టరుకు చూపించి, ఆ తర్వాత మూడు వారాల నోటుపుస్తకం లెక్కలతో కలిపి మళ్ళీ రాయండి. నిరుటి 2:24 పరుగులో ఒక్కో ల్యాపుకు ఎంత పట్టిందో మీ కోచ్ గారి డైరీలో ఉండే ఉంటుంది, అది మాత్రం అడిగి తెచ్చుకోండి.